మేడ కిటికీలోంచి తీసిన ఫోటో

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఉక్కు పలకల్లో పగుళ్లు వెతకడం నా ఉద్యోగం. కంటికి కనిపించిందే కాగితం మీద పెడతాను. ఇదీ అలాగే రాస్తున్నాను.

సెలవు రోజుల్లో పాత కట్టడాల ఫోటోలు తీస్తాను. మాది ఏడుగురి గుంపు. నెలకోసారి పెందుర్తిలో అప్పలరాజు ఇంట్లో కలుస్తాం. ఆయన చాలా ఏళ్లు స్టూడియో నడిపిన మనిషి, మాట కటువు. తీసినవి మేం ముందే చూసుకుని ఏరుకోకూడదని, కెమెరా నేరుగా ఆయన టీవీకి తగిలించాలని నియమం పెట్టాడు.

ఆ శనివారం పొద్దున పది గంటలకి వన్‌టౌన్‌లో ఒక పాడుబడ్డ మేడ దొరికింది. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడి ఇటుక బయటపడింది. తలుపుకి తాళం. పైన ఒకే కిటికీ, దానికి రెక్కలు లేవు.

ఎదురింటి అరుగు మీద చేపలు కోస్తున్న ముసలామె చెయ్యి ఆపి నన్నే చూసింది. "అడిగి తీత్తన్నావా?" అంది. ఎవరూ ఉండని ఇంటికి ఎవరిని అడగాలి అన్నాను. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయి గడియ వేసుకుంది. వీధిలో ఇంకెవరూ లేరు. నాకు ఒళ్లు మండి, పంతంగా వరసపెట్టి ఇంకో పది తీశాను.

మర్నాడు అప్పలరాజు నన్ను అందరి ముందూ చీల్చి చెండాడాడు. గోడ తీశాను గానీ ఇల్లు తియ్యలేదట. తలొంచుకుని వింటున్నాను. పధ్నాలుగో ఫోటో తర్వాతది రాగానే అందరూ ముందుకు వంగారు.

అందులో నేనున్నాను. పైనుంచి తీసిన ఫోటో. అంచున పెచ్చులూడిన కిటికీ చట్రం. కింద ఖాళీ వీధిలో తలెత్తి నేను, ఛాతీ మీద వేలాడుతూ ఇదే కెమెరా.

అప్పలరాజు లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. "మొత్తానికి ఇదొక్కటే ఫోటో బావా. ఎవుడు తీసాడు?"

ఆయన బొమ్మని పెద్దది చేశాడు.

"తీసినోడికి నీ మీద పగున్నట్టుంది. ఫోకస్ నీ ముకం మీద నేదు, సూడు. గొంతు మీదుంది."

వివరాలన్నీ తీసి చూశాం. కెమెరా నాదే, నంబరు వరసలోనే ఉంది. ముందు ఫోటోకీ దీనికీ రెండు సెకన్లు, దీనికీ తర్వాతదానికీ రెండు. అక్కడున్నంతసేపూ కెమెరా నా మెడలోంచి దిగలేదు. నేనేదో నాటకం ఆడుతున్నానని మిగతావాళ్లు ముఖం ముడుచుకుని వెళ్ళిపోయారు.

సోమవారం అప్పలరాజుతో మళ్ళీ వెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే లోపల మెట్లు లేవు. పై అంతస్తు నేల మొత్తం ఎప్పుడో కూలి కిందే పడి ఉంది. కిటికీ దగ్గర నిలబడటానికి చోటే లేదు. ఎదురింటి తలుపు తట్టాం. "ఎల్లిపోండి" అని లోపల్నుంచి ఒక్క మాట వినిపించింది. ఆ ఫోటో మళ్ళీ తన గుమ్మం తొక్కకూడదని దారిలో అప్పలరాజు నాతో తెగేసి చెప్పాడు.

దాన్ని చెరపలేదు. ఎన్నిసార్లు చూశానో. అందులో నా నోరు తెరిచి ఉంది, పైనున్న ఎవరికో సరేనని జవాబు చెబుతున్నట్టు. ఆ నాలుగు సెకన్లలో నేనెవరితో మాట్లాడానో, దేనికి ఒప్పుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.