అవ్వ తెరవమన్న తలుపు

మా చిన్నప్పుడు... పట్టుపురుగులు గూడు కట్టే వారం మా ఇంట్లో తాళింపు వేసేవాళ్లు కాదు. నాయన బీడీ ముట్టడు. అవ్వ కూడా పొగాకు మానేసి ఉత్త ఆకువక్క నమిలేది. పొగ తగిలితే పురుగులు చచ్చిపోతాయి మరి... మా ఇంట్లో మనుషుల కంటే వాటికే మర్యాద ఎక్కువ!

హోసూరు దగ్గర తళి పక్కన పల్లె మాది. ఎనభైల నాటి సంగతి. ఇల్లంటే రెండే గదులు. లోపలి గదిలో పురుగుల తట్టలు, ముందు గదిలో అవ్వ మంచం. మోకాళ్లు పట్టేసి అవ్వ లేవలేకపోయేది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. పురుగులకు వెచ్చగా ఉండాలని పెద్ద బల్బులు వేలాడదీశాం. గోరుచుట్టు మీద రోకటిపోటులా కరెంటు పోయింది. ఆ పంట పోతే మాకు ఏడాదంతా గంజే... నాయన హోసూరు పోయి, పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టే ఆయన దగ్గర చిన్న జనరేటర్ బాడుగకు తెచ్చాడు.

బయట పెడితే తడుస్తుంది. లోపల పెడితే పురుగులకు పొగ. అందుకని అవ్వ ఉన్న గదిలో పెట్టాడు. జల్లు కొడుతోందని వీధి తలుపు మూశాడు. నడిమి తలుపు సందుల్లో తడి గోనెపట్టాలు కుక్కాడు. లోపల బల్బులు వెలిగితే నేను చప్పట్లు కొట్టాను...

పట్టపగలే. లోపలి గదిలో అమ్మ, నాయన, నేను పండిన పురుగులను ఏరి, గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేస్తున్నాం. ఆలస్యమైతే పట్టంతా తట్టల్లోనే పాడవుతుంది. తలుపు పక్కన కూర్చున్నది నేనే.

అవ్వ మంచం మీంచే కర్రతో నడిమి తలుపు కొట్టింది. "అమ్మణ్ణీ... తల తిరగతా ఉంది. రవంత తలుపు తియ్యి."

"నాయనా, అవ్వ తలుపు తియ్యమంటా ఉంది."

"ఇప్పుడు తీస్తే పొగంతా పురుగుల మీదికొస్తాది. ఈ రెండు తట్టలూ అయిపోనీ..." అని నాయన గట్టిగా అరిచాడు, "రవంతసేపు ఓర్చుకోమ్మా!"

అవ్వ ఇంకోసారి కొట్టింది. తర్వాత కొట్టలేదు. నిద్రపోయిందనుకున్నాం.

తలుపు తీసేసరికి జనరేటర్ ఇంకా ఆడుతూనే ఉంది. అవ్వ చేతిలో కర్ర అలాగే ఉంది...

పొగకు పురుగులు చస్తాయని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మనుషులు చస్తారని ఒక్కరికీ తెలియదు.

గూళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి ఆసారి. ఒక్క పురుగు చావలేదు. నాయన మళ్లీ పురుగులు పెట్టలేదు. అవ్వ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది... కరెంటు పోయినా లైట్లు ఆరవు. అయినా పోయిన ప్రతిసారీ లేచి తలుపులన్నీ బార్లా తీస్తాను. పిల్లలు నవ్వుతారు... నవ్వనీ.

ఎవరో పిలిస్తే "రవంతసేపు" అన్న రోజు మీకూ ఉందా? ఉంటే ఇక్కడ చెప్పుకోండి... నేను చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది.