పరుపులు తీసేసిన ఏడాది

నందిగామలో మా బట్టల కొట్టు నా చేతికి వచ్చేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. అనుభవం లేదు గానీ అభిప్రాయాలకు లోటు లేదు. బెజవాడలో కొత్త షోరూములు చూసి వచ్చి, ముందుగా తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు తీయించాను. వాటి చోట గాజు కౌంటర్లు వచ్చాయి. సేల్స్‌మెన్ అందరికీ నీలం చొక్కా, నల్ల ప్యాంటు. ఎవరూ కూర్చోకూడదని రూలు. రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. కాలంతో పాటు మారకపోతే ఎలా అని మా నాన్నకే పాఠం చెప్పాను. ఆయన నవ్వి, "నీ ఇష్టం" అని ఊరుకున్నారు.

మా పెద్ద సేల్స్‌మన్ మాకు చుట్టం కాదు గానీ, ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయ్ అనేవాడిని. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చి, ముప్పై ఏళ్ళు పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చీరలు విప్పిన మనిషి. ఏ ఊళ్ళో ఏ ఇంటికి ఏ రంగు అచ్చిరాదో ఆయనకు తెలుసు. పంచె తప్ప కట్టి ఎరగని ఆయన, నా మాట కాదనలేక ప్యాంటు కూడా వేశారు.

కొన్నాళ్ళకు కౌంటరు మీద చెయ్యి ఆనించి నిలబడటం మొదలుపెట్టారు. నాకది బద్ధకంగా కనిపించింది.

"బాబాయ్, ఆనుకోకండి. చూసేవాళ్ళకి బాగోదు" అన్నాను, అందరి ముందే.

"అలాగే బాబూ" అని నిటారుగా నిలబడ్డారు. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శ్రావణమాసంలో చందర్లపాడు నుంచి ఒక మామ్మగారు మనవరాలి పెళ్ళి బట్టలకు వచ్చారు. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళికూతురి మొదటి చీరను ఇంటి పెద్దావిడ కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాకే మిగతావి చూస్తారు. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అటూ ఇటూ చూసి, "పరుపులేవయ్యా?" అన్నారు. బాబాయ్ నా కుర్చీ తెచ్చి వేశారు. తను తువ్వాలు పరుచుకుని నేల మీద కూర్చుని చీర విప్పారు.

నా రూలు నా కళ్ళ ముందే గంగలో కలుస్తోంది. "లేవండి బాబాయ్" అన్నాను గట్టిగా.

లేవబోయారు. కౌంటరు అంచు పట్టుకున్నా లేవలేకపోయారు. గబగబా వెళ్ళి రెక్క పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. మామ్మగారే లేచి చోటిచ్చారు. ప్యాంటు పైకి లాగి చూస్తే మోకాలు బూరెలా వాచి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలవుద్ది బాబూ."

"చెప్పొచ్చుగా!"

"చెబితే ఇంక ఇంటి దగ్గరే ఉండమంటారేమోనని చెప్పలా."

"నువ్వు పుట్టావని మాకు మిఠాయి పంచింది ఈయనేనయ్యా" అని మామ్మగారు చీర చేత్తో పట్టుకునే నాకు చీవాట్లు పెట్టారు.

ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తర్వాత ఆయనతో పాటు నేనూ జగ్గయ్యపేట బస్సెక్కాను. బస్సు చిల్లకల్లు దాటింది. అప్పుడాయన కిటికీ వైపు చూస్తూ, "రేపు రావచ్చా బాబూ?" అన్నారు.

నన్ను భుజాన ఎక్కించుకుని కొట్టంతా తిప్పిన మనిషి, కొట్టుకి రావడానికి నన్ను అడుగుతున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

"కాలు తగ్గాక రండి బాబాయ్, కూర్చుందురు గాని" అన్నాను.