తప్పిపోవడానికి ఒక మనిషి కావాలి

ఆ రోజుల్లో మా ఇంటికి ఏ కబురైనా మా పెదనాన్న స్కూటర్ మీదే వచ్చేది. వచ్చే దారిలో కాస్త రూపం మార్చుకుని మరీ వచ్చేది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నా సరే, ఆయన ఉక్కు ప్లాంటులో పొద్దుటి ఎ షిఫ్టు దిగి బర్మామైన్స్‌లోని మా సందు మలుపులో హారన్ కొట్టి చెబితేనే అది మాకు కబురు. (దేవుడి దయవల్ల ఆ గొంతు ఇప్పటికీ అలాగే ఉంది.) ఆ చలికాలం మధ్యాహ్నం ఆయన స్టాండు కూడా వెయ్యకుండా వీధిలోంచే కేకేశారు. “ఓలమ్మీ! మీ అక్క కొండ మీద జోరీగని ఎగరేత్తాదట. ఆళ్లకి తప్పిపోడానికి ఒక మనిసి కావాల్ట. మా పిల్ల ఉందని మాటిచ్చీసినాను!”

జోరీగ అంటే డ్రోన్. అక్క అంటే మాతో ఒకే ఇంట్లో ఉండే పెదనాన్న కూతురు, అప్పట్లో పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది చదువుతోంది. కొండల్లో తప్పిపోయినవాళ్లను డ్రోన్‌తో వెతికి పట్టుకునే పోటీ ఒకటి మా ఊరి అవతల గుట్టల మీద పెట్టారు. ప్రతి జట్టూ తన తరఫున ఒక మనిషిని తెచ్చుకోవాలి. నిర్వాహకులు ఆ మనిషిని తీసుకెళ్లి ఎక్కడో దాచేస్తారు. జట్టు కింద గుడారంలో కూర్చుని, డ్రోన్ పంపించే బొమ్మ చూసి ఫలానా చోట ఉన్నారని చెప్పాలి.

“దానికి నేనెందుకు పెదనాన్నా?” అన్నాను.

“నీకన్నా బాగా ఎవులు తప్పిపోతారమ్మీ?”

ఇందులో ఎగతాళి ఏమీ లేదు, శుద్ధ సత్యం. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. అందుకని మా అమ్మ నన్ను బడికి పంపకుండా వంటింట్లో తన పక్కన పీట వేసి కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. పప్పు ఉడికేలోగా ఒక పద్యం, అన్నం వార్చేలోగా ఒక లెక్క. ఆ చదువుకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను గానీ, అందులో దారులూ మలుపులూ లేవు. ఇరవయ్యేళ్లు వచ్చాక మొదటిసారి ఒంటరిగా సాక్చీ బజారుకు బయల్దేరి, ఎక్కాల్సిన ఆటో కాక ఇంకేదో ఎక్కి, ఊరు దాటి గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు దిగి, అక్కడి కాపలాదారు చేత ఇంటికి ఫోన్ చేయించుకున్న ఘనత నాది. మా వాళ్లలో తప్పిపోయిన అనుభవం ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

అక్క మాత్రం నవ్వే స్థితిలో లేదు. జట్టులో ముగ్గురు అబ్బాయిలు, తనొక్కతే ఆడపిల్ల. డ్రోన్‌కి తీగలు అతికింది తను, రెక్కలు సరిచేసింది తను. రిమోట్ మాత్రం ఎప్పుడూ ఆ ముగ్గురిలో కళ్లజోడు పెట్టుకున్న అబ్బాయి చేతిలోనే. ఎన్నాళ్లో పోరితే వాళ్ల సారు ఒక మాటన్నారట. మొదటి రౌండు నువ్వు ఎగరెయ్యి, మనిషి దొరికితే రిమోట్ ఇక నీదే, దొరక్కపోతే మళ్లీ అడగొద్దు అని. రాత్రి అన్నాల దగ్గర నాకు నేర్పింది. “దేఖ్, తూ బస్ లేట్ జానా. ఔర్ కుఛ్ నహీ.”

“పడుకోవడమొకటేనా? ఇంకేం చెయ్యక్కర్లేదా?”

“అరే యార్, ఏమీ చెయ్యకుండా ఉండడమే నీ పని. అదైనా సరిగ్గా చెయ్యి, మేరీ మా!”

ఏమీ చెయ్యకుండా ఉండడం మా ఇంట్లో అంత తేలికా? మర్నాడు అక్క తెల్లవారకుండానే జట్టుతో వెళ్లిపోయింది. నన్ను దింపే బాధ్యత పెదనాన్నది. పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆడపిల్లని ఈ చలిలో కొండ మీద పడుకోబెడతారా? దీనికి ఆయాసం తిరగబెడితే నీ జోరీగ వొచ్చి మందేత్తాదేటి?”

పెదనాన్న బయటికి వెళ్లి, స్కూటర్ మీద కప్పి ఉంచిన తన పాత కోటు దులిపి తెచ్చారు. ప్లాంటులో కొలిమి ముందు నిలబడేవాళ్లు వేసుకునే వెండిరంగు కోటు అది. అక్కడ పనికిరాదని తీసేస్తే అడిగి తెచ్చుకున్నారు. “ఇది తొడిగీ. సలి తగల్దు. పైగా ఎలా మెరుత్తాదో సూడు! ఆకాసంలోంచి సూత్తే సుక్కలా కనబడతాది. మీ అక్కకి ఎతికే పనుండదు.” ఆయన కళ్లు కోటు కన్నా ఎక్కువ మెరుస్తున్నాయి. తొడుక్కున్నాను. అది నా మడమల దాకా వచ్చింది, చేతులు లోపలెక్కడో మాయమయ్యాయి. దాని తలకప్పు కూడా లాగి కట్టాక అద్దంలో చూసుకుంటే, వంటింట్లో డబ్బా మీద గట్టిగా బిగించిన రేకు మూతలా ఉన్నాను. పెద్దమ్మ బొట్టు పెట్టడానికి నా నుదురు వెతుక్కోవలసి వచ్చింది.

గుట్ట కింద తప్పిపోయేవాళ్లకు వేరే బండి పెట్టారు. అందులో అందరూ మామూలు స్వెట్టర్లలో ఉన్నారు. నన్ను చూసి ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు, ఏ శాఖ నుంచి వచ్చారు మేడమ్ అని గౌరవంగా అడిగాడు. ఎండ ఇంకా ఎక్కని వైపు, రెండు బండల మధ్య పల్లంలో నన్ను దింపి, టోపీ పెట్టుకున్న న్యాయనిర్ణేత ఒకాయన హిందీలో నిబంధనలు చెప్పారు. బోర్లా పడుకోవాలి, అరవకూడదు, చెయ్యి ఊపకూడదు, ఈల వినిపించేదాకా ఆ చోటు వదలకూడదు. వెళ్లబోతూ ఇంకో మాటన్నారు. ఈ రౌండులో పొగమంచు కమ్మినట్టు లెక్క, కాబట్టి మామూలు కెమెరా వాడరాదు, వేడిని చూపించే కెమెరా ఒక్కటే వాడాలి. అలాగే సార్ అన్నాను. నాకు అర్థమైతే కదా!

బోర్లా పడుకున్నాను. నేల చల్లగా ఉంది, కోటు లోపల మాత్రం కుంపటి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. పెదనాన్నకు మనసులోనే దణ్ణం పెట్టాను. బండకు, సాల చెట్లకు, రాని ఆయాసానికి కూడా పెట్టాను. చేతులు ముందుకు చాచి జోడించాక ఉలిక్కిపడ్డాను. ఇది సాష్టాంగం కదా! ఆడవాళ్లు అలా పొట్ట నేలకు ఆనించి మొక్కకూడదని పెద్దమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నిబంధన గొప్పదా, పెద్దమ్మ గొప్పదా? టోపీ సార్ రోజూ మా ఇంట్లో ఉండరు. మోకాళ్లు ముడుచుకుని, నుదురు నేలకు ఆనించి, ఆడవాళ్లు మొక్కే తీరున వంగి ఉండిపోయాను. చోటు మాత్రం వదల్లేదు.

జోరీగ రొద వినిపించింది. దగ్గరికొచ్చింది, నా తల మీదుగా పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఇదేమిటి, సుక్కలా కనిపించాలి కదా? ఇంతలో నా కోటు అంచు ఎవరో లాగారు. కళ్లు తిప్పి చూస్తే మేక. దాని వెనక ఇంకో రెండు. అరవకూడదు, చెయ్యి ఊపకూడదు. మేకలకు నిబంధనలు లేవు. నేను రామనామం అనుకుంటూ ఉంటే అది పెదనాన్న కోటును శ్రద్ధగా నమలసాగింది.

కింద గుడారంలో జరిగింది అక్క తర్వాత చెప్పింది. ఒక్కో జట్టుకు రెండే అవకాశాలు. తెర మీద వెచ్చగా వెలిగిన ఆకారం కనిపించగానే కళ్లజోడు అబ్బాయి తొందరపెట్టాడు, అక్క వెంటనే ఇదే మనిషి అని చెప్పేసింది. అది మేక. పక్క జట్లవాళ్లు మే మే అని అరిచారట. కళ్లజోడు అబ్బాయి రిమోట్ కోసం చెయ్యి చాచాడు. “అబ్ ఛోడ్ దే, మై కర్తా హూఁ.” అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రిమోట్ వదల్లేదు. డ్రోన్‌ని మళ్లీ అదే పల్లం మీదకు తెచ్చింది. మేకలు వెలుగుతున్నాయి. వాటి పక్కన ఒక నల్లటి మచ్చ. చుట్టూ ఉన్న రాళ్ల కన్నా, మట్టి కన్నా చల్లగా ఉంది.

“నీళ్ల గుంట,” అన్నాడు కళ్లజోడు అబ్బాయి.

“ఆ వాలులో నీళ్లెలా నిలుస్తాయి?”

“అయితే రాయి.”

అక్క డ్రోన్‌ని ఇంకాస్త కిందికి దించింది. మచ్చకు వంగిన వీపు వచ్చింది, ముందుకు చాచిన చేతులు వచ్చాయి. చిన్నప్పటి నుంచీ స్కూటర్ మీద ఉన్న ఆ కోటు కింద సీటు మండుటెండలో కూడా కాలదని అక్కకు తెలుసు. మెరిసే రేకు లోపలి వేడిని బయటికి రానివ్వదు, పైనున్న చల్లటి ఆకాశాన్నే తిప్పి చూపిస్తుంది. నన్ను చుక్కలా చూపించాల్సిన కోటు, ఆ కెమెరాకు నన్ను పూర్తిగా కప్పేసింది. కానీ అక్క గుర్తుపట్టింది కోటును చూసి మాత్రమే కాదు.

“రాయి దణ్ణం పెడుతుందా?” అని లేచి నిలబడిందట. “ఏ మేరీ బహన్ హై! తప్పిపోయి కూడా మొక్కుకునేది ఈ కొండ మీద అదొక్కతే!” రెండో అవకాశం, ఆఖరిది, నా మీద పెట్టింది.

దొరికిన గుర్తుగా జోరీగ నుంచి నా పక్కన నీళ్ల సీసా, బిస్కెట్ పొట్లం ధబ్బున పడ్డాయి. బిస్కెట్లు మేకకు దక్కాయి. ఈల మోగింది గానీ నా మొక్కు ఇంకా పూర్తి కాలేదు. నేను కదలకపోయేసరికి టోపీ సార్ కంగారుపడి పరుగెత్తుకొచ్చారు. తర్వాత ఒక జట్టు, ఆ కోటు అన్యాయమని ఫిర్యాదు చేసింది. ఎవరికి అన్యాయం, దాని వల్ల నష్టపోయింది ఈ జట్టే కదా అని ఆయన నవ్వేశారు. ఆఖరి రౌండులో అక్క జట్టు గెలవలేదు, నాలుగోదో అయిదోదో అయింది. కానీ ఆ రౌండులో ఎగరేసింది అక్కే. కళ్లజోడు అబ్బాయి బ్యాటరీలు మార్చి ఇచ్చాడు.

పెదనాన్నకు మేం అసలు సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రం సందంతా తిరిగి, “నా కోటు మెరుపుకే దొరికింది పిల్ల!” అని చెప్పుకున్నారు. అక్క పక్కనే నిలబడి, “అవును నాన్నా,” అంది. ఆలోచిస్తే అది అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు అక్క ఉద్యోగమే అది. వానాకాలంలో ఎక్కడ కొండచరియలు విరిగినా పిలుపు వస్తుంది, పెట్టె భుజాన వేసుకుని వెళ్తుంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఫోన్ కలవదు. నేనిక్కడ దేవుడి ముందు మోకాళ్ల మీద వంగి కూర్చుంటాను. కొండ మీద మేకతో పాటు పడి ఉన్న ఆ ఇరవయ్యేళ్ల పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. దానికి ఏమీ తెలియదు, భయమూ లేదు. అక్క వస్తుందని మాత్రం తెలుసు.

ఈ వారం కూడా అక్క ఏదో కొండ మీదే ఉంది. పేరు చెప్పింది గానీ నా చదువులో దారులు లేవని మీకు తెలుసుగా. మీరు ఈ సాయంత్రం దీపం పెట్టుకునేటప్పుడు, అక్కడ వానలో రిమోట్ పట్టుకుని నిలబడ్డ మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.