ఒక్క పాయింటు

పెనుకొండ తిమ్మరాజు వృత్తి బోరు పాయింట్లు చూడడం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట బోరు వేయాలి. ఇరవై ఏళ్లుగా కాయ లేస్తూనే ఉంది, నీళ్లే లేవడం లేదు. తప్పు కాయది కాదు. వెయ్యి అడుగుల దాకా తోడేసుకున్నాక భూమి మాత్రం ఎక్కడినుంచి తెచ్చిస్తుంది?

అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుకు అతను కార్యదర్శి అయింది కూడా ఎండిన బోర్ల వల్లే. కొండ కింద ప్రభుత్వ స్థలంలో గొర్రెలు కాసుకుంటూ బంతి ఆడే పిల్లలకు గోల్‌పోస్టులు లేవు. పక్క చేను వెంకటేశులుది. తిమ్మరాజు మాట విని వేసిన బోర్లు రెండూ పోయి, బయటికి లాగిన కేసింగ్ పైపులు గట్టున పడి ఉన్నాయి. తిమ్మరాజు వాటినే అడిగి తెచ్చి పాతాడు. పాతినవాడే కార్యదర్శి. క్లబ్బు చరిత్ర ఇంతే, కప్పులేమీ లేవు.

లీగులో ఆరు జట్లు. పట్టికలో హిందూపురం పైన, ధర్మవరం దాని కింద, తర్వాత బుక్కపట్నం, తలుపుల. అడుగు రెండు స్థానాలూ గుడిబండకూ పెనుకొండకూ పట్టా ఇచ్చినట్టు ఉంటాయి. ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది: చివరి జట్టు లీగులోంచి బయటికి. లీగులో లేని క్లబ్బుకు మైదానమూ లేదు. ఈ సంగతి క్లబ్బుకంటే ముందు ప్లాట్లు వేసే సుధాకర్‌కు తెలిసింది. మైదానం అంచున హద్దురాళ్లు దింపించాడు. మైదానం పోతే మగపిల్లలకు రోడ్డయినా ఉంది. ఆడపిల్లలు రోడ్డుమీద పరిగెత్తితే ఊరికి పరువు గుర్తొస్తుంది.

గుడిబండ ఆటలన్నీ అయిపోయాయి. పాయింట్లు ఇద్దరికీ సమానం, గోల్స్ లెక్కలో పెనుకొండ వెనక. మిగిలింది ధర్మవరంతో సొంత మైదానంలో ఒక్క ఆట. డ్రా చేసుకుని ఒక్క పాయింటు తెచ్చుకున్నా చాలు.

శనివారం టీ కొట్టు దగ్గర తిమ్మరాజు గోల్‌కీపర్ యశోదతో ఫోన్‌లో అరుస్తున్నాడు. "భయపడొద్దమ్మా! మన గ్రౌండులో ఒక పాయింటు ఖాయంగా ఉండాది. రేపు తీస్తాం, సూడు!"

వెనక బెంచీమీద వెంకటేశులు టీ తాగుతున్నాడు.

సాయంత్రానికి బోరు లారీ వచ్చి మైదానంలో గోలు ముందు నిలబడింది. ప్రభుత్వ స్థలం కాబట్టి వెంకటేశులు ఎవరినీ అడగలేదు. రెండు రోజుల ముసురుకు నేల మెత్తబడి చక్రాలు సగం దిగాయి.

"ఏమప్పా ఇది?" తిమ్మరాజు పరిగెత్తుకొచ్చాడు.

"పాయింటుండాదంటివే. యాడ? సూపీ. పైపేసి నా చేనికి లాక్కుంటా."

"అది ఆట పాయింటప్పా! ఫుట్‌బాలుది!"

వెంకటేశులు గోల్‌పోస్టులుగా నిలబడ్డ తన పైపులకేసి చూశాడు. "నా చేలో రెండు సూపిస్తివి. నీళ్లు పడ్లేదు. ఆటలో మాత్రం పడతాదా?"

"మామా, రేపటికి గ్రౌండు రెడీగా లేకుంటే ఆడకుండానే ఓడిపోతాం," అంది యశోద వెంకటేశులుతో. ఆమె అప్పటికే పార తెచ్చుకుంది.

ట్రాక్టరు కట్టి లారీని లాగించింది వెంకటేశులే. అమ్మాయిలు చక్రాల గుంతల్ని మట్టితో పూడ్చారు. పైకి చదునుగానే కనబడింది. హిందూపురం నుంచి వచ్చిన రిఫరీ ఒక చుట్టు తిరిగి సరేనన్నాడు.

ఆదివారం ధర్మవరం అమ్మాయిలు ఆటంతా పెనుకొండ గోలు దగ్గరే ఆడారు. ఒక్క గోలూ పడలేదు. ముగింపు దగ్గరపడుతుండగా వాళ్ల ఫార్వర్డు ముందుకొచ్చిన యశోదను తప్పించి, ఖాళీ గోలులోకి బంతిని తాపీగా దొర్లించింది. బంతి పూడ్చిన గుంత మీదికొచ్చి, మెత్తటి మట్టిలో దిగి ఆగిపోయింది. యశోద వెనక్కి పరిగెత్తి దానిమీద పడుకుంది.

సున్నా, సున్నా. పెనుకొండకు ఒక పాయింటు, ఐదో స్థానం.

"ఏమబ్బా తిమ్మరాజా, ఇన్నేండ్లకు నీ పాయింటొకటి తగిలింది," అన్నాడు వెంకటేశులు. "అదీ నా లారీ పుణ్యాన. ఇంగ మా చేనికాడికి ఎప్పుడొస్తాండావు?"

"ఉన్న పేరు చెడగొట్టొద్దప్పా," అన్నాడు తిమ్మరాజు.

సుధాకర్ దింపించిన హద్దురాళ్లు ఇంకా మైదానం అంచునే ఉన్నాయి. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వచ్చే ఏడు మళ్లీ అవసరపడతాయని కాబోలు. అంతదాకా అమ్మాయిలు వాటిమీద కూర్చుని బూట్లు కట్టుకుంటారు.