పస్కా పండుగ, పౌడర్ డబ్బా

ఈ ఉదయం వికారాబాద్‌లో మా ఫ్లాట్‌లో కొత్త టూత్‌పేస్ట్ మూత తీయగానే లవంగం వాసన గుప్పుమంది, దాంతోపాటే మా నానమ్మ మీద పాత చిరాకూ లేచి వచ్చింది.

మేం యూదులం. తాత కోస్తా నుంచి రైల్వే పనికి వచ్చి తాండూరులో ఉండిపోయాడు. ఊళ్లో మాలాంటి ఇల్లు మరొకటి లేదు. ఎండలు ముదిరి, వాకిట్లో పరిచిన బండలు అరికాళ్లు కాల్చే రోజుల్లో పస్కా పండుగ వచ్చేది. ఆ పండుగ అయ్యేదాకా గోధుమ, బార్లీతో పులిసిందేదీ ఇంట్లో ఉండకూడదు. పెనం మీద పులియని రొట్టెల వాసన, ఉడికిన ఖర్జూరాల పాకం, వీటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా సబ్బులూ పౌడర్లతోనే, ఎందుకంటే వాటిలోనూ గోధుమ గంజి కలుపుతారేమోనని నానమ్మ అనుమానం. పేస్టు పోయి ఉప్పూ వేపపుల్లా వచ్చేవి, షాంపూ పోయి కుంకుడు రసం కళ్లలో పడేది, నాన్న మాసిన గడ్డంతోనే బండల పాలిషింగ్ మిల్లుకు పోయేవాడు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవం సరిగ్గా పస్కాలోనే పడింది. నాది కోలాటం, అదీ ముందు వరుస. అమ్మ ముచ్చటపడి కొన్న పౌడర్ డబ్బా, లిప్‌స్టిక్ చూసి నానమ్మ అడ్డం తిరిగింది.

"గిండ్ల ఏం కలిపిన్రో ఎవలకెరుక? వద్దు బిడ్డా."

"పౌడర్ ఎవలన్న తింటరా అత్తమ్మా?" అంది అమ్మ.

"పెదవులకు పూసింది కడుపులకు పోదా?"

అమ్మకు ఒళ్లు మండింది. పేస్టు, సబ్బులు, పౌడర్ అన్నీ ఒక సంచిలో పడేసి, "గోడల సున్నం గూడ గీకమంటవా?" అని నానమ్మ ముందు పెట్టింది. మా ఆచారం ప్రకారం అలాంటివి దాచిపెడితే చెల్లదు, మావాళ్లు కానివారికి అమ్మేయాలి. నానమ్మ ఆ సంచి తీసుకుపోయి పక్కింటి శంకరమ్మత్త చేతిలో పెట్టి, బదులుగా బెల్లం ముక్క తీసుకుని, "గివన్నీ ఇగ నీవే," అంది. పండుగయ్యాక తిరిగి కొనుక్కుంటానని చెప్పడం మరిచింది.

కోలాటం రోజు నానమ్మ నా ముఖానికి బియ్యప్పిండి, పెదవులకు బీట్‌రూట్ రసం పూసింది. చెమటకు పిండి తడిసి చారలు కట్టింది. నాకు ఎదురుగా శంకరమ్మత్త కూతురు జ్యోతి నా పౌడర్ వాసనతో, నా లిప్‌స్టిక్‌తో మెరిసిపోతూ కోలలు వేసింది.

నేను ఏడుస్తూ నిలదీస్తే శంకరమ్మత్త తెల్లబోయి నానమ్మ వైపు తిరిగింది.

"కొన్న సామాను వాడుకోవద్దా పెద్దమ్మా?"

"వాడుకోవాలె. నీదే గద!" అంది నానమ్మ. నాకేసి తిరిగి, "అమ్మినంక మనది కాదు బిడ్డా, ఊకో," అంది.

అమ్మ నెత్తి కొట్టుకుంది. మరుసటి ఏడు నుంచి శంకరమ్మత్త పస్కాకు ముందే గుమ్మంలో నిలబడి, "ఈపాలి ఏం కొంటున్న పెద్దమ్మా?" అని నవ్వేది.

ఇప్పుడు నానమ్మ లేదు. శంకరమ్మత్త వాళ్లూ ఇల్లమ్ముకుని హైదరాబాద్ పోయారు. మొన్న పస్కా ముందు పేస్టు, సబ్బులు వేసిన సంచి పట్టుకుని ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టాను. ఆ ఇంటావిడ జాలీ తలుపు వెనక నుంచే, "మాకేం వద్దమ్మా, అమ్మేటోళ్లు పైకి రావొద్దని కింద బోర్డు ఉంది గద," అని తలుపు వేసుకుంది. ఇన్నేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నాం.