రేకుల కింద తొట్టెల

హమీద్ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూడడు, పైకప్పు చూస్తాడు. ఫాల్స్ సీలింగులు కట్టీ కట్టీ మెడ అలా అలవాటు పడిపోయింది. మణుగూరులో వాళ్ల నాన్న వడ్రంగి. రెడీమేడ్ తలుపులు వచ్చాక ఆ పని పోయింది. హమీద్ హైదరాబాద్ వెళ్లి జిప్సం బోర్డు బిగించడం నేర్చుకుని తిరిగొచ్చాడు. ఊరి చివర కొత్తగా లేచిన ఇళ్లలో చాలావాటికి సీలింగు కట్టింది అతనే. వాటిలో సగం ఇళ్లకు పైన సిమెంటు రేకులే. కింద మాత్రం తెల్లటి బోర్డు, అంచున నీలం లైటు. చూసినవాళ్లు స్లాబు అనుకోవాలి, అంతే. స్లాబు వేయలేనివాడికి మర్యాద చదరపు అడుగుల లెక్కన దొరికే కాలం ఇది.

హమీద్ ఉండే కిరాయి ఇంట్లో పెంకులు పెంకుల్లాగే కనిపిస్తాయి. "అందరి ఇండ్లకు చుక్కల లైట్లు పెడ్తవు, మనింట్ల పిల్లి నడిస్తే మట్టి రాల్తది" అని భార్య జహీదా దెప్పుతుంటుంది.

ఒక ఆదివారం పొద్దున జగదీష్ ఫోన్ చేసి జల్దీ రమ్మన్నాడు. జగదీష్ బొగ్గు గనిలో డంపర్ డ్రైవరు. నిరుడు అతని హాల్లో సీలింగు కట్టింది హమీదే. వెళ్లేసరికి ఇంటి ముందు ఆటో ట్రాలీ ఉంది, అందులో పసిబిడ్డను ఊపే టేకు తొట్టెల. పుట్టింట్లో కాన్పయిన జగదీష్ భార్య కవిత బిడ్డతో అత్తారింటికి వచ్చిన రోజది. తొట్టెల పుట్టింటివాళ్లే తేవాలి గనక, పెనుబల్లి నుంచి ఆమె తండ్రి లాల్‌సింగ్ దాన్ని తెచ్చాడు. నాలుగు గొలుసులు పైన ఒక్క కడియంలో కలుస్తాయి. ఆ కడియం తగిలించాక బిడ్డను పడుకోబెట్టి, అప్పుడే అందరూ భోజనానికి కూర్చోవాలి.

"మీది స్లాబే గదా అని ఏలాడే తొట్టెల చేయించిన. స్టాండుది కొనకపోతిని" అన్నాడు లాల్‌సింగ్, మీసం తుడుచుకుంటూ.

జగదీష్ హమీద్‌ను వంటింట్లోకి లాగాడు. "భాయ్, పైన రేకులని మామకు చెప్పలే. పెండ్లప్పుడు స్లాబన్న. బటర్‌ఫ్లై బోల్టు కొనుకొచ్చిన, అది వేసెయ్యి."

హమీద్ బోల్టును చేతిలో తిప్పి చూశాడు. బోర్డుకు కన్నం చేసి దూరిస్తే వెనక రెక్కలు విచ్చుకుంటాయి. లైటుకు, పూలకుండీకి పనికొస్తుంది. స్లాబయితే లోపలికి ఫాస్టనరు దించొచ్చు. ఇక్కడ స్లాబు లేదు. రేకుల కింద ఇనుప పైపు ఉంది, కానీ దాన్ని అందుకోవాలంటే బోర్డు కొయ్యాలి. కోస్తే రేకులు బయటపడతాయి.

"తమ్మీ, లైటు కదలదు. తొట్టెల ఊగుతది. రెక్కలు గట్టియే, బోర్డే సున్నం. అదే చినుగుతది."

"పసిపోరి బరువెంత భాయ్?"

ఇవాళ ఊడదు, ఆ సంగతి హమీద్‌కు తెలుసు. ఊగినకొద్దీ కన్నం పెద్దదై, తను ఈ ఇంట్లో లేని ఏదో రోజున ఊడుతుంది. అదే అతన్ని భయపెట్టింది. అయినా ఈ కాలనీలో తన పని నడిచేది నోరు మూసుకోవడం వల్లనే. పైన ఏముందో ఎవరికీ చెప్పడు గనకే పిలుస్తారు.

"వేస్త. గానీ బియ్యం బస్తాతోటి ఊపి చూసినంకనే బిడ్డను ఎయ్యాలె" అన్నాడు చివరికి.

బోల్టు దిగింది, తొట్టెల వేలాడింది. అందులో బస్తా పెట్టారు. లాల్‌సింగ్ ముచ్చటపడి తనే ఊపాడు. "నా మనవరాలు గింత లావైతే నాకేం రంది లేదు" అని నవ్వాడు.

అప్పుడు కవిత వంగి, తొట్టెలలో పరిచిన గుడ్డ మీద వేలితో రాసింది. వేలికి తెల్లటి పొడి అంటింది. పైకి చూసింది. బోల్టు చుట్టూ వెంట్రుకంత బీట.

"హమీద్ అన్నా, బోర్డు కొయ్యి. పైన పైపున్నది గదా, దానికి కట్టు" అంది.

"స్లాబుల పైపేంది?" అన్నాడు లాల్‌సింగ్.

జగదీష్ కిటికీ వైపు తిరిగాడు.

"స్లాబు గాదు బాపూ. రేకులే" అంది కవిత, బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంటూ.

హమీద్ ఎవరి మొహమూ చూడకుండా నిచ్చెనెక్కి చదరంగా కోశాడు. పైనున్న వేడి ఒక్కసారిగా హాల్లోకి దిగింది. లాల్‌సింగ్ ఆ కన్నం కింద నిలబడి రేకుల్ని చాలాసేపు చూశాడు.

"ఎండాకాలంల ఫోన్ చేస్తే, మంచిగుంది బాపూ, చల్లగుంది అంటివి."

"చల్లగలేదంటే అప్పుడే తీస్కపోతుంటివి" అంది కవిత.

ముసలాయన అల్లుడి వైపు తిరిగాడు. "మా తండాల ఎవరికున్నది అల్లుడా స్లాబు? నాకు జెప్తే నీ నోరు అరుగునా? ఇగ నిచ్చెనన్నా పట్టుకో, మేస్త్రి పడ్తడు."

జగదీష్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. హమీద్ పైపుకు క్లాంపు వేసి, రెండేసి నట్లు బిగించి, గొలుసు దించాడు. ముందు తనే దానికి వేలాడాడు. తర్వాత లాల్‌సింగ్ కూడా లాగి చూశాడు.

వేడి బిడ్డ మీద పడుతుందని, కోసిన ముక్కకే గొలుసు పట్టేంత సందు చేసి మూతలా బిగించాడు హమీద్.

"అతుకు కనబడకుండ పుట్టీ పెట్టవా భాయ్?" అని గొణిగాడు జగదీష్.

"పెట్ట. నువ్వే మూత ఇప్పి నట్లు చూసుకుంటుండాలె."

నాలుగు స్క్రూలు తెల్లటి సీలింగు మీద నల్లగా కనిపిస్తున్నాయి. కవిత బిడ్డను పడుకోబెట్టింది, లాల్‌సింగ్ మెల్లగా ఊపాడు. అందరూ బిడ్డను చూస్తున్నారు. హమీద్ మాత్రం తొట్టెల కింది నేలను చూశాడు. గచ్చు మీద పొడి పడలేదు. భోజనానికి పిలిస్తే చేతులు కడుక్కోవడానికి లేచాడు.