ఉప్పు తగ్గిన పులుసు

మా అత్త పోయిందన్న మాట నాకు జెట్టీలో తెలిసింది. గోల్ ఘర్‌లో కుట్టుపని ముగించుకుని, బోటులో ఇవతలికొచ్చి మా ఊరు హోప్ టౌన్ గట్టు మీద కాలు పెట్టానో లేదో, పక్కింటి దీదీ వచ్చి చెయ్యి పట్టుకుంది. "సాస్ చలీ గయీ, బహూ," అంది. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు గుమ్మంలో కూర్చుని కవళ్ల చేపలు కడుగుతున్న మనిషి. తట్టుకోలేకపోయాను గానీ, నిజం చెప్పొద్దూ, ముందు నా కాళ్లు పీకాయి. ఇంకా ఇంటిదాకా నడవాలా దేవుడా అనిపించింది.

పెద్దదినం అయిపోయింది. చుట్టాలందరూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు తీరిగ్గా ఆమెని తలుచుకుంటున్నానని మీరనుకుంటారేమో, తీరికెక్కడిది? పొయ్యి ముందు నిలబడే తలుచుకుంటున్నాను. మా మావ తిండి మానేశాడు. రెండు ముద్దలు కెలికి కంచం తోసేసేవాడు. ఖాళీ కడుపు మీద బీపీ మాత్ర మింగేవాడు. ఆ ముసలాయన నోట్లోకి అన్నం ఎలా పంపాలన్నదే ఇంటిల్లిపాదికీ బెంగ.

అత్తది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. వేట కోసం ఈ దీవులకొచ్చి నిలదొక్కుకున్న మావని పెళ్లాడి, ఓడెక్కి వచ్చింది. అక్కడ అమ్మ దగ్గర నేర్చుకున్న వంట ఇక్కడ సాగలేదు. ఓడ ఆలస్యమైందంటే బజారులో చింతపండు ఖతం, ఉల్లిపాయలు ఖతం. ఆమె మాత్రం పొయ్యి ఆర్పలేదు. ఎండబెట్టిన మామిడి ముక్కలో, పెరట్లో పుల్లగా కాసే బిలింబి కాయలో, ఏదో ఒకటి కోనాం చేప ముక్కల్లో పడేసి పులుసు దింపేది. "పులుసుకి పులుపు కావాల గానీ, సింతపండే కావాలని ఎవులన్నారే?" అనేది. నేను ఈ దీవుల్లోనే పుట్టినదాన్ని. నాకు పులుసంటే మొదట్నించీ ఆ బిలింబి పులుసే.

ఒకే గిన్నెలో వండినా ఎవరిది వాళ్లకి అమర్చేది. నా కూతురికి ముళ్లంటే భయమని చేపని చిదిమి, ముల్లు ముల్లూ ఏరి, అన్నంలో కలిపి పెట్టేది. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడు నాకు చేప వాసన పడక వాంతులయ్యేవి. అప్పుడు అదే మసాలాతో వంకాయలు వేసి నాకు వేరే ఉడికించింది. నేను అడగలేదు. వద్దన్నాను కూడా. "నోర్ముయ్యే, నువ్వు తినకపోతే లోపలున్నది ఏటి తింటాది?" అని కసిరింది. నా కన్నతల్లి కూడా అలా కసరలేదు.

అన్నింటికన్నా కష్టం మావతో వచ్చింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. మొదటి రోజు ఆయనకి విడిగా చిన్న గిన్నెలో చప్పటి పులుసు పెట్టింది. ఆయన ఒక్క ముద్ద తిని కంచం విసిరేశాడు. "నన్నేటి, రోగిష్టోడిలాగ ఎలేసి పెడతావా?" అని అరిచాడు. అత్త లేచి గుడ్డ తెచ్చింది. గోడకంటుకున్న పులుసు తుడిచేసింది.

మర్నాటి నుంచి విడి గిన్నె లేదు. ఇంటిల్లిపాదికీ తక్కువ ఉప్పుతోనే వండేది, మాకు కావాలంటే పైన చల్లుకోమనేది. మావ ముక్కకి మాత్రం, వడ్డించే ముందు, తడి వేలితో ఉప్పు పొడి రవ్వంత అద్ది పైపైన రాసేది. "నాలిక్కి ముందు అది తగిల్తే సాలే. మిగతాదంతా ఉప్పగానే ఉందనుకుంటాది," అని నా చెవిలో చెప్పింది. ఆయనకి ఎదురుగా కూర్చుని ఆ చప్పటి పులుసే తానూ తినేది. తనకి బీపీ లేదు, పాడూ లేదు. ఎలా ఉందని అడిగితే ఆయన "బాగుంది" అనేవాడు. అత్త ఇటు తిరిగి నాకు కన్ను కొట్టేది. అబ్బ, ఎంత పొగరో అప్పుడు మొహంలో!

మొన్న నాకు సెలవు. దినాలయ్యాక ఇంట్లో మొదటిసారి చేప తెచ్చాం. అత్త చేసినట్టే చేశాను. బిలింబి వేశాను, ముక్క మీద తడి వేలితో ఉప్పు రాశాను. మధ్యాహ్నం మావ ముందు కంచం పెట్టి, దేవుడా తినాలి అనుకుంటూ నిలబడ్డాను.

ఒక ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. "ముక్క మీద ఉప్పు రాసేవేటి?" అన్నాడు.

చేతిలో గరిటె కింద పెట్టేశాను. "మీకు తెలుసా మావా?"

"ఓలమ్మీ, ఉప్పునీళ్ల మీద బతికినోడ్ని. నాకు తెల్దేటి? మొదట్నాడే తెలిసింది. మీ అత్త ఎదురుగా కూకుని నా నోరే సూసేది. బాగుందంటే సంబరపడిపోయేది. అందుకని తిన్నాను." కంచం పక్కకి జరిపాడు. "ఇప్పుడెవుల కోసం తినమంటావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకోసం తినండి!" అన్నాను. "పొద్దస్తమానం మిషను తొక్కి, బోటులో నిలబడి వచ్చి వండుతున్నాను. ఆమెలాగ కూర్చుని మీ మొహం చూసే ఓపిక నాకు లేదు మావా. ఈ రాయడం, దాచడం కూడా నావల్ల కాదు. ఉప్పు లేదు. రేపూ ఉండదు. ఐనా మీరు తినాలి. ఇంకో చావుని మోసే బలం నాకు లేదు."

అనేశాక భయమేసింది. పెద్దాయన మీద ఎప్పుడూ గొంతు లేపినదాన్ని కాదు.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

లేదన్నాను.

"ఐతే కంచం తెచ్చుకో. కూకో."

ఎదురుగా కూర్చున్నాను. ఆయన తన కంచం మళ్లీ దగ్గరకి లాక్కున్నాడు. పులుసు చప్పగా ఉంది, చాలా చప్పగా ఉంది. బాగుందని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ముళ్లు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టుకుంటూ తిని, అడుగున మిగిలిన పులుసు వేలితో ఊడ్చి నాకేసేదాకా ఆయన లేవలేదు.